కూర్చున్న కొలత

దేవుడు మనిషికి మోకాళ్ళిచ్చింది ప్రార్థనకని మా పాస్టరుగారి నమ్మకం. స్నోమొబైల్ అనే మంచుబండి సీటు మీద ఆనించడానికని మిగతా ఊరి నమ్మకం. ఎడమ పాదం బండి పక్కపలక మీద, కుడి మోకాలు సీటు మీద, నడుము నిటారుగా, చూపు ఎక్కడో కొండవాలు మీద మేస్తున్న మందలో. రెయిన్‌డీర్లను కాచేవాడు బండి నడిపే తీరు అది. అలా నిలబడితే దూరం కనబడుతుంది, గతుకు వస్తే కాలు మింగేస్తుంది, ఏ జింకయినా దారి తప్పితే ఒక్క గెంతులో దిగిపోవచ్చు. కారణాలు ఎన్నయినా చెబుతాం గాని అసలు సంగతి మా నాన్నలు అలా నడిపారు, మేమూ అలా నడుపుతున్నాం.

కూర్చుని నడిపేవాళ్ళు మూడు జాతులని ఒకప్పుడు నేనే ప్రకటించాను: టూరిస్టులు, తాగినవాళ్ళు, ఇక తేరుకోనివాళ్ళు. ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్ళు కాఫీ ఒలకబోసుకుని మరీ నవ్వారు.

నా పేరు సమ్మోల్. పెట్రోలు బంకు పక్కనున్న రేకుల షెడ్డు నాది. ముప్పై ఏళ్ళుగా ఉత్తరధ్రువానికి దగ్గర్లోని ఈ ఫిన్‌మార్క్ మంచులో బండ్లకు ముందుండే స్కీ పలకలు సరిచేస్తూ, వెనక స్ప్రింగులు బిగిస్తూ, నోరు మాత్రం వదులుగా ఉంచుకుని బతుకుతున్నాను. బండి కింద తిరిగే రబ్బరు పట్టా ఒక్కటే నాకు తెలిసిన పట్టా, భూమి పట్టాలు మా వంశంలో లేవు. ఇలాంటివి రోజుకు పాతిక అంటాను. నా షెడ్డులో కాఫీ, మాటలు రెండూ ఉచితం. కాఫీ చేదని ఫిర్యాదులు వచ్చాయి. మాటల మీద ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అవి తియ్యగా ఉన్నాయనుకున్నాను.

ఏప్రిల్ మొదటివారంలో రవ్‌నా అక్క వచ్చింది. అక్క అంటే తోడబుట్టింది కాదు. అరవై రెండేళ్ళ మనిషి, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద, అందుకని ఊళ్ళో సగం మందికి అక్కే. వాళ్ళ కుటుంబాల మందకు ఇరవై రెండు వసంతాలుగా ముందు నడుస్తున్నది ఆవిడే. ముందు నడవడమంటే మాటలు కాదు. బండి వెనక సామాన్లు మోసే స్లెడ్జి, స్లెడ్జి వెనక పొడుగాటి తాడు, తాడు చివర మాలిమి చేసిన మగజింక ఒకటి. దాని వెనక మంద అంతా దారంలా సాగాలి. మందలో ఎన్ని జింకలని మాత్రం అడక్కండి. మా దగ్గర ఆ ప్రశ్న ఎదుటివాడి చొక్కా విప్పి చూడటంతో సమానం.

చలికాలం మేత భూముల నుంచి సముద్రతీరం దాకా నాలుగైదు రోజుల ప్రయాణం. మందలో సగానికి సగం చూలు జింకలు. బండి కుదిపినా, తాడు బిగుసుకున్నా ముందున్న జింక బెదురుతుంది. అది బెదిరితే మంద వెనక్కి తిరుగుతుంది. మూడోరోజు ఏరు దాటే చోట మరీ కష్టం. అక్కడ ఏరు వంకర తిరుగుతుంది. లోపలి ఒడ్డును ఆనుకుని ఒక సన్నని చాలులోనే మంచుగడ్డ దళసరిగా ఉంటుంది. బండి ఆ చాలులోనే, నెమ్మదిగా, ఒక్కసారి కూడా జారకుండా తిరగాలి. నేరుగా పోతే పల్చటి గడ్డ, దాని కింద ఏప్రిల్ నీళ్ళు.

"బండి తిరగడం లేదురా," అంది అక్క, గ్లౌజులు తీసి నా బల్ల మీద పడేసి. "స్లెడ్జి తగిలిస్తే చాలు, హ్యాండిల్ తిప్పినా ముక్కుసూటిగా పోతోంది."

ముక్కుసూటి మనిషికి ముక్కుసూటి బండి దొరికిందన్నాను. ఆవిడ నవ్వలేదు. బండి బాగుపడకపోతే ఈసారి ముందు హేయ్కా నడుస్తాడని ఇంట్లో చెప్పేశానంది. హేయ్కా ఆవిడ తమ్ముడి కొడుకు, ముప్పై ఏళ్ళవాడు, చురుకైనవాడే. అయినా ముందు నడిచే చోటు ఒకసారి చేతులు మారితే మళ్ళీ తిరిగి రాదని ఇద్దరికీ తెలుసు. అందుకని నేను కూడా నవ్వు ఆపి స్క్రూడ్రైవర్ తీశాను.

తిరగని బండికి వంక పెట్టడం తేలిక. అసలు వంక ఎక్కడుందో కనిపెట్టడం కష్టం. మొదట స్కీల అడుగున ఉండే ఉక్కు కమ్మీలు చూశాను. మంచును కొరికి పట్టుకునేవి అవే. కొద్దిగా అరిగాయి, కొత్తవి వేశాను. రెండు స్కీలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో పొడుగు కర్ర పెట్టి చూశాను. కుడి స్కీ ముక్కు ఒక వేలెడు లోపలికి వాలి ఉంటే సరిచేశాను. తరవాత బరువుకు వెనకభాగం ఎంత దిగుతోందో కొలవాలి. బండి వెనక పట్టుకుని పైకెత్తి నేలనుంచి ఎత్తు రాసుకుని, మనిషిని ఎక్కించి మళ్ళీ రాసుకుంటాం. ఆ రెండు అంకెల తేడాలోనే బండి జాతకమంతా ఉంటుంది.

అక్కను ఎక్కమన్నాను. ఎక్కింది. ఎడమ పాదం పలక మీద, కుడి మోకాలు సీటు మీద, మెడ నిటారుగా. తొమ్మిది సెంటీమీటర్లు దిగింది. ఇంతకన్నా చక్కటి అంకె పుస్తకంలో కూడా దొరకదు. ఆవిడ పెదవి కొరుక్కోవడం చూశాను గాని, బండి గురించి బెంగ అనుకున్నాను.

స్లెడ్జి మీద మేత బస్తాలు వేసి స్వయంగా సరస్సు మీదికి తీసుకెళ్ళి నడిపాను. ఎటు తిప్పితే అటు, చెప్పిన మాట వినే పిల్లలా తిరిగింది. తీసుకెళ్ళు అక్కా అన్నాను. తీసుకెళ్ళింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ షెడ్డు ముందు బండి, బండి పక్కన ఆవిడ. తిరగడం లేదు.

వెనక స్ప్రింగులు ఒక గాటు బిగించాను. నడిపి చూశాను, తిరిగింది. ఆవిడ తీసుకెళ్ళింది, తిరగలేదు. హేయ్కాను పిలిచి నడపమన్నాను, తిరిగింది. వాడు పక్కకొచ్చి గొంతు తగ్గించి, బండిలో ఏమీ లేదు మామా, అత్తకే ఏదో అయిందనిపిస్తోంది, ఇంట్లో అడిగితే బండిదే తప్పంటుందని చెప్పాడు. ముందు నడవాలని వాడికి ఆశ ఉందేమోనని మొహంలోకి చూశాను. ఆశ కాదు, దిగులు. ఏటి దగ్గర ఆవిడ వెనకే నడిచి నేర్చుకున్నవాడు, ఆవిడ ముందర లేకుండా దాటడం వాడికీ ఇష్టం లేదు.

ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. మూడోసారి అక్క బండి తీసుకెళ్ళినప్పుడు నేను దుర్భిణీ మెడలో వేసుకుని ఫోను టవర్ గుట్ట ఎక్కాను. ఎక్కడానికి నా పొట్ట ఒప్పుకోలేదు గాని అనుమానం పొట్ట కంటే పెద్దదయింది.

అక్క ఊరి మధ్యనుంచి వెళుతోంది. స్లెడ్జి నిండా బస్తాలు. స్కూలు దాటింది, కొట్టు దాటింది, మోకాలు సీటు మీద, వీపు బర్చి చెట్టులా నిటారుగా. ఒక కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపితే ఊపింది. సరస్సు దాకా వెళ్ళి, అందులోకి పొడుచుకొచ్చిన రాతిముక్కు తిరిగాక, ఊళ్ళోని ఆఖరి కిటికీ కూడా కనబడని చోట, బండి ఆపింది.

సీటు మీదున్న కుడికాలిని రెండు చేతులతో పట్టుకుని, కట్టెల మోపు దించినట్టు కిందికి దించింది. తరవాత సీటు మీద కూర్చుంది. కూర్చుని, కాలు ముందుకు చాపుకోవడానికి వెనక్కి జరిగింది. ఇంకొంచెం జరిగింది. అప్పుడు బండి కదిలింది.

గుర్తుకోసం మంచులో పుల్లలు పాతుకుంది కాబోలు, ఏటి వంపులాగే అర్ధచంద్రంగా ఒక వరస. ఆ వరస వెంట తిప్పబోయింది. స్కీలు మంచును కొరకలేదు. బండి తన దారిన తాను నేరుగా పోయి రెండు పుల్లలను తొక్కేసి ఆగింది. ఆవిడ హ్యాండిల్ మీద నుదురు ఆనించి చాలాసేపు ఉండిపోయింది.

ఆడలేక మద్దెల ఓడు.

నాకు మొదట తట్టింది ఆ సామెతే. దాని వెనకే జోకు ఒకటి తయారైపోయింది, తుంటికి పెద్దరికం వచ్చిందని, తుంటరితనం చాలించమని, ఇంకేదో. నా నోరు అలాంటిది. బుర్ర బూట్లు తొడుక్కునేలోపు అది వీధి చివర ఉంటుంది. గుట్ట మీద వినేవాళ్ళెవరూ లేకపోవడం వల్ల ఆ జోకు నాకే వినబడింది. వినబడగానే ఇస్సాత్ గుర్తొచ్చాడు.

నాలుగేళ్ళ కింద ఇస్సాత్ మోకాలికి ఆపరేషన్ అయింది. ఆ చలికాలం కూర్చుని నడిపాడు. నేను 'పరుపు' అని పేరు పెట్టాను. వారంలో ఊరంతా పాకింది. 'పరుపు వచ్చింది, పరువు జాగ్రత్త' అని బంకు దగ్గర కుర్రవాళ్ళు కూడా అనేవారు. అదీ నాదే. ఇస్సాత్ కూడా నవ్వేవాడు. తరవాతి చలికాలం వచ్చి బండి అమ్మిపెట్టమన్నాడు. ఎందుకని నేను అడగలేదు, మంచి బేరం తెచ్చాను. ఇప్పుడు ఇంటి వెనక కంచెలో నాలుగు జింకలకు మేత వేస్తాడు. కొండ మీదికి మళ్ళీ వెళ్ళలేదు.

గుట్ట దిగేటప్పుడు మనిషికి ఆలోచించడానికి బోలెడు తీరిక ఉంటుంది, ముఖ్యంగా నాలాంటి పొట్టవాడికి. ఆ తీరికలో నాకు రెండో సంగతి తట్టింది. ఇది మరీ సిగ్గుచేటు, ఎందుకంటే ఇది నా వృత్తికి సంబంధించింది. మోకాలు ఆనించినవాడి బరువు హ్యాండిల్ వైపు ఒరిగి స్కీలను మంచులోకి నొక్కుతుంది. వెనక్కి జరిగి కూర్చున్న మనిషి బరువు వెనక స్ప్రింగుల మీద పడుతుంది. స్లెడ్జి కూడా వెనకనుంచే లాగుతుంది. ముందు తేలిపోతుంది, స్కీలు ఊరికే మంచును తడిమి వదిలేస్తాయి. అంటే మద్దెల నిజంగానే ఓడు. ఆవిడకు సరిపోయే మద్దెల కాదది. ముప్పై ఏళ్ళుగా ఎన్ని వందల బండ్లకు కొలత తీశానో, ప్రతి ఒక్కదానికీ మోకాలి మీదే తీశాను. ఎలా నడుపుతావని ఒక్కరినీ అడగలేదు. అడగవలసిన ప్రశ్నని కూడా అనుకోలేదు.

షెడ్డు తలుపు తీసేసరికి ఆవిడ వచ్చింది. ఊళ్ళోకి మోకాలి మీదే వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. తిరగలేదు అని కూడా అనలేదు ఈసారి. రేపు హేయ్కాకి ఏటి గుర్తులన్నీ చెప్పేస్తానంది.

నేను షెడ్డు తలుపు మూసి, లోపల గడియ పెట్టాను. పట్టపగలు నా షెడ్డుకు గడియ పడటం ఎవరూ చూసి ఉండరు. కాఫీ పోసి ఎండుమాంసం ముక్క కోసిచ్చి, కొలత మళ్ళీ తీస్తానన్నాను.

"తీశావుగా."

"తప్పు తీశాను. ఎక్కక్కా. కూర్చో."

ఆవిడ కప్పు బల్ల మీద పెట్టింది. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. కోపం కాదది. నా మాట చివర తోక ఉందేమోనని, జోకు ఎక్కడ దాక్కుందోనని వెతుకుతున్న చూపు. మంచుగడ్డ మీద అడుగు వేసేముందు కర్రతో పొడిచి చూస్తామే, అలా చూసింది.

"గుట్టెక్కావా?" అంది చివరికి.

ఎక్కానన్నాను.

"ఈ షెడ్డులో నువ్వు ఎవరినైనా కూర్చోమనడం ఇదే వినడం."

నేను టేపు తీశాను. ఆవిడే చెప్పింది. శరత్కాలం మందను దొడ్డికి తోలినప్పటినుంచి కుడి తుంటి ఎముక అరిగిపోతోందట. మోకాలు మడిచి సీటు మీద పెడితే తుంటిలో మేకు దిగినట్టు ఉంటుందట. వచ్చే అక్టోబరులో ఆపరేషన్. ఇంట్లోవాళ్ళకు చెబితే ఇప్పుడే కూర్చోబెడతారని చెప్పలేదట.

"ఇంట్లో కూర్చోబెట్టకుండా ఉండాలంటే బండి మీద కూర్చోవాలి. బండి మీద కూర్చుంటే పరుపు అంటారు. ఏం చెయ్యమంటావురా?"

"నా నోరు..." అని మొదలుపెట్టాను.

"నీ ఒక్కడి నోరే కాదులే," అంది అక్క. "ఆ పేరు పెట్టిన రోజు నేనూ ఇక్కడే ఉన్నా. నేనే ముందు నవ్వా."

చేతిలో పని ఉంది. ఆవిడ కూర్చుంది. ఏటి దగ్గర ఎలా కూర్చుంటుందో అలాగే, దొంగతనం లేకుండా కూర్చోమన్నాను. కాలు చాపి, వెనక్కి జరిగి కూర్చుంది. పద్నాలుగు సెంటీమీటర్లు దిగింది. ఐదు సెంటీమీటర్ల అబద్ధాన్ని మూడు రోజులు బాగుచేస్తూ కూర్చున్నాను నేను.

వెనక స్ప్రింగులు రెండు గాట్లు బిగించాను. పట్టా లోపల ముందువైపు ఒక పట్టీ ఉంటుంది. దాన్ని పొట్టి చేస్తే బండి ముక్కు కిందికి వంగి స్కీల మీద బరువు పడుతుంది. ఒక కన్నం లోపలికి లాగి బిగించాను. హ్యాండిల్ అక్క చేతులకు అందేటట్టు వెనక్కి వంచాను. మళ్ళీ కొలిస్తే పది. స్లెడ్జి తగిలించి మళ్ళీ చూసి ఇంకో సగం గాటు సర్దాను.

తరవాత నేనే నడిపాను, జీవితంలో మొదటిసారి కూర్చుని, ఊరికి కనబడని ఆ రాతిముక్కు వెనక. కూర్చుంటే మంచు దగ్గరగా కనబడుతుంది, ఆకాశం పెద్దదవుతుంది. పుల్లల వరస వెంట బండి దారం గుచ్చినట్టు తిరిగింది. అదే బండిని మోకాలి మీద నడిపి చూస్తే హ్యాండిల్ రాయిలా బరువెక్కింది, స్కీలు మంచులోకి మరీ కూరుకుపోతున్నాయి. ఆ మాట ఆవిడకు చెప్పాలి. చెప్పాను. కూర్చున్న మనిషికి కుట్టిన చొక్కా ఇది, నిలబడితే చంకల్లో పట్టేస్తుంది, రెండింటికీ సరిపోయే కొలత లేదన్నాను.

అక్క హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఊళ్ళోంచి బయలుదేరేటప్పుడు అందరూ బంకు దగ్గర నిలబడతారు, పాస్టరుగారితో సహా. అక్కడనుంచి రాతిముక్కు దాకా ఎనిమిది వందల మీటర్లు.

"ఊళ్ళో మోకాలి మీదే పోతా, ఆ బరువు నేను లాక్కుంటా," అంది. "ఏటి దగ్గర బండి లాగితే చాలు."

వాదించలేదు. నిన్నటిదాకా జోకులు మోసిన నోటితో ఇవాళ నీతులు మోయిస్తే ఎవరు వింటారు?

బయలుదేరిన రోజు సాయంత్రం నేనూ బంకు దగ్గరే ఉన్నాను. ఎండ ఇంకా కొండమీదే ఉంది, మంచు పైపొర గట్టిపడుతోంది. అక్క మోకాలి మీద వచ్చింది. దూరంనుంచి చూసేవాళ్ళకు ఎప్పటిలాగే రాణిలా ఉంది. దగ్గరగా చూసిన నాకు మాత్రం ఆవిడ భుజాలు కనబడ్డాయి. ప్రతి చిన్న మలుపుకూ రెండు చేతులతో బండితో కుస్తీ పడుతోంది. నా పక్కన ఎవరో, అక్క ఇవాళ బిగుసుకుపోయి ఉందేమిటి సమ్మోలూ, ఏదైనా జోకు వదులు అన్నారు. కాఫీ చల్లారిపోయిందని చెప్పి లోపలికి వెళ్ళాను. కిటికీలోంచి చూశాను. రాతిముక్కు దగ్గర బండి తిరిగింది, తాడు తిరిగింది, ముందు జింక తిరిగింది. తరవాత మంద మొత్తం సాగిపోవడానికి చాలాసేపు పట్టింది.

మూడోరోజు నేను పని చెయ్యలేదు. ఏరు దాటేది ఆ రోజు. ఒక బండి ఇంజను విప్పి, మళ్ళీ అలాగే బిగించాను. ఫోను జేబులోంచి బల్ల మీదికి, బల్ల మీదినుంచి జేబులోకి తిరిగింది. ఆ రోజు రాలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం మోగింది. గాలి హోరులో అక్క గొంతు.

ఏరు దాటారట. గడ్డ ఒకచోట మూలిగిందట గాని నిలబడిందట. ఏటి దాకా వచ్చేసరికి తుంటి ఇక మడత పడలేదట. వెనక కుటుంబమంతా చూస్తుండగా కూర్చునే దాటించిందట. హేయ్కా ఏమన్నాడని అడిగాను. అడగడానికి నాకు కొంచెం భయం వేసింది.

"ఏమంటాడు. తాడు ఒక్కసారి కూడా బిగుసుకోలేదు అత్తా అన్నాడు." గాలి హోరు మీదుగా గొంతు పెంచింది. "సరేగాని, అందుకు కాదు ఫోను చేసింది. మేత బస్తాలు అయిపోవచ్చాయి, స్లెడ్జి తేలికైంది. ఇప్పుడు వెనకనుంచి గుర్రంలా తంతోంది. ఏం తిప్పమంటావు?"

స్ప్రింగు గాట్ల గురించి చెప్పబోయి ఆగాను.

"ఇప్పుడు కూర్చుని నడుపుతున్నావా అక్కా, నిలబడా?"

"కూర్చునే," అంది రవ్‌నా అక్క.

"అయితే ఒక గాటు తగ్గించు," అన్నాను. "రెండువైపులా."